హిమదంష్ట్రుడి చక్రం

అరుణావతీ రాజ్యంలో నడివేసవిలోనే నదులు గడ్డకట్టాయి. మంచుకొండ మీద హిమదంష్ట్రుడనే రాక్షసుడు మాయాచక్రం తిప్పుతూ, రాజ్యంలోని వేడినంతా తన అగ్నిబిలంలోకి లాగేసుకుంటున్నాడు. చివరికి మహారాజు కూడా సింహాసనం మీదే కొయ్యబారిపోయాడు.

"ప్రభువులలో వెచ్చదనం పూర్తిగా పోయింది. చితి పేర్పించాలి తల్లీ," అన్నాడు మంత్రి విశారదుడు కన్నీళ్లతో.

"నేను తిరిగి వచ్చేదాకా నాన్నగారి మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోను!" అంది రాకుమారి కనకాంగి. ఆ పూటే ఒంటరిగా అడవిదారి పట్టింది.

కొండ మొదట్లో ఒక యక్షిణి ఎదురై దీపం అందించింది. "నూనె అక్కర్లేదు, వత్తి అక్కర్లేదు. కలకాలం వెలుగుతుంది. తీసుకో!"

"ఏమీ తినని మంట ఉంటుందా? ఇది పట్టుకున్నవాళ్ల ఒంట్లో వేడినే తాగుతుంది కాబోలు!" అంటూ కనకాంగి దాన్ని బండకేసి కొట్టింది. యక్షిణి కెవ్వున అరిచి మాయమైంది.

అదంతా పక్క గుహలోంచి చూసిన తప్తముని అనే తపస్వి నవ్వాడు. "వేడికున్న మూడు ధర్మాల్లో మొదటిది నీకు తెలుసన్నమాట. వేడి శూన్యంలోంచి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. పడిన శ్రమ కూడా వేడవుతుంది. రెండో ధర్మం దారిని చెబుతుంది. వేడి తనంతట తాను చల్లని చోటికే పోతుంది. ఎదురు నడపాలంటే రాక్షసుడైనా ఆగకుండా పాటుపడాలి."

"మరి మూడోది, స్వామీ?"

"అది హద్దును చెబుతుంది. ఎంత తోడినా, దేన్నీ చిట్టచివరి చలిదాకా తీసుకుపోలేరు. ఎంతో కొంత మిగులుతుంది."

కనకాంగి శిఖరం వైపు తిరిగింది. "అయితే నాన్నగారిలో ఇంకా మిగిలే ఉంది!"

పరుగున శిఖరమెక్కి రాక్షసుడి ముందు నిలిచింది. "ఓరీ! మా నాన్నగారిలో ఇంకా నులివెచ్చదనం ఉంది. చేతనైతే ఆ చివరి చుక్క కూడా తోడు!"

"చిటికెలో పని!" అని హిమదంష్ట్రుడు చక్రం గిరగిరా తిప్పాడు. తిప్పినకొద్దీ వచ్చే వేడి పలచబడింది కానీ అయిపోలేదు.

"ఇంకా ఉంది!" అని వెక్కిరించింది కనకాంగి. లోలోపల ఆమె ప్రాణం విలవిల్లాడుతూనే ఉంది.

వాడు రోషంతో మరింత వేగంగా తిప్పాడు. ఆ శ్రమంతా రాపిడికి వేడై, ఇరుసు పొగలు కక్కింది, భగ్గున మండి విరిగిపోయింది. ఎదురు తోసే చక్రం లేకపోయేసరికి, బిలంలోని వేడి తనంతట తానే రాజ్యంలోకి ఉరికింది. దారిలో ఉన్న హిమదంష్ట్రుడు మంచుముద్దలా కరిగిపోయాడు.

వేడి కొంత గాలిలో చెదిరిపోయింది. ఆ ఏడు మామిడి కాయలేదు. కానీ మహారాజు కళ్లు తెరిచి, "ఆకలేస్తోందమ్మా," అన్నాడు.

కొన్నాళ్లకు ఆయన రాజ్యాన్ని కూతురికే అప్పగించాడు. పట్టాభిషేకం నాడు విశారదుడు మెల్లగా అడిగాడు: "ఆ చివరి చుక్క కూడా వాడు తోడేసి ఉంటేనో, తల్లీ?"

"ఎవరి తరమూ కాదు," అని కనకాంగి సింహాసనం ఎక్కింది.