మూడో దెబ్బ

ఐరిష్ ఊరు కిల్కెన్నీలో నోర్ నది పక్కన ఒక పాత రాతి హాలు ఉంది. పొద్దుగుంకాక దాని ముందునుంచి ఎవరూ పోరు. కుక్కల్ని తిప్పేవాళ్ళు సైతం వంతెన దగ్గరే వెనక్కి తిరిగిపోతారు.

తాళం వేసిన ఆ హాల్లో ఎవరో ఒక పేరు పిలుస్తారట... మూడుసార్లు. తర్వాత డ్రమ్ము మీద ఒక దెబ్బ... ఇంకొకటి... ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే భయం అంటారు విన్నవాళ్ళు. ఇంకోటి పడాలి — పడదు. ఊపిరి బిగబట్టి నిలబడతారు. కాసేపటికి మళ్ళీ పేరు మొదలవుతుంది.

కరోనాకి భయపడి ఊరు ఊరంతా ఇళ్ళలో దూరింది గానీ, దెయ్యాలకి లాక్‌డౌన్ ఏముంటుంది?

ఆ దారిన కావాలని రోజూ నడిచే మనిషి ఒక్కతే ఉంది. ఒంగోలు నుంచి వచ్చిన నిస్సీ. పెద్దాసుపత్రిలో కేరర్, అంటే రోగుల్ని దగ్గరుండి చూసుకునే పని. ధైర్యం ఎక్కువై కాదు. దాని వెనక కథ ఉంది, చెబుతాను వినండి.

ఆ హాలు ఒక రెజిమెంటు పాత సైనికులది. రెజిమెంటును ఎప్పుడో ఇంకోదాంట్లో కలిపేసి పేరు కూడా చెరిపేశారు. పేరు పోతే మనుషులు పోతారా? ముసలి సైనికులంతా సంఘంగా ఏర్పడి ఆ హాలు నిలబెట్టుకున్నారు. గోడలనిండా ఫొటోలు, ఒక చిరుగుల జెండా, తాళ్ళతో బిగించే ఒక పెద్ద డ్రమ్ము. ఎవరికి జబ్బు చేసినా వెళ్ళి కూర్చుంటారు, ఎవరి భార్య ఒంటరిదైనా ఆమె ఇంటి కప్పు వీళ్ళే బాగుచేస్తారు.

వాళ్ళకో ఆచారం ఉంది. ఏటా నవంబరులో, పోయినవాళ్ళ పేర్లు అధ్యక్షుడు నిలబడి పిలుస్తాడు. ఒక్కో పేరూ మూడుసార్లు. పోయినవాడు పలకలేడు కదా, వాడి బదులు డ్రమ్ము పలుకుతుంది. మొదటి దెబ్బ — విన్నాను. రెండోది — వచ్చాను. మూడోది — నా డ్యూటీ అయిపోయింది, సెలవు. మూడో దెబ్బ పడేదాకా పిలిచినవాడు కూర్చోకూడదు. అది వాళ్ళ కట్టు.

ఆ దెబ్బలు కొట్టేవాడు ఫీలన్ అనే ముసలాయన. మొదటి రెండూ వెంటవెంటనే వేసేవాడు. మూడోదానికి మాత్రం ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగేవాడు. పోయేవాడికి తొందరేముంది అనేవాడు.

నిస్సీ మామగారు యోనా మన ఆర్మీ బ్యాండులో డ్రమ్ము వాయించి రిటైరైన మనిషి. మనవల్ని చూసిపోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఇరుక్కుపోయాడు. కొడుకు బాలశౌరికి ఎక్కడో దూరాన రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పని, వారాంతానికి గాని ఇంటికి రాడు. కరోనాకి ముందు, వచ్చిన కొత్తలో, కాలక్షేపం లేక తిరుగుతూ యోనా ఒకరోజు డ్రమ్ము చప్పుడు విని హాల్లోకి పోయాడు. ఫీలన్ మారుమాట లేకుండా కర్రలు చేతికిచ్చాడు. ఆయన ఐరిష్ యాస ఈయనకి తెలియదు, ఈయన ఫౌజీ ఇంగ్లీషు ఆయనకి అర్థం కాదు. డ్రమ్ము దగ్గర మాత్రం ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకున్నట్టే ఉండేది.

సంఘానికి అధ్యక్షుడు మేజర్ హార్ట్‌నెట్. నిలువెత్తు మనిషి, కోటు నిండా పతకాలు. వయసులో ఉండగా, ఏదో ఎడారి దేశంలో శాంతి కాపలాకి పోయినప్పుడు ఆయన తాగి లారీ నడిపాడు. లారీ బోల్తాపడి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చచ్చిపోయాడు. నింద పక్కన కూర్చున్న ఫీలన్ మీదికి పోయింది. రెజిమెంటు పరువు పోతుందంటే ఫీలన్ నోరు మూసుకున్నాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నలభై ఏళ్ళు మూసుకున్నాడు.

ఆ చచ్చిపోయిన కుర్రాడి చెల్లెలు, తనూ ముసలిదైపోయి, కరోనా వచ్చిన ఏడు ఫిబ్రవరిలో హాలుకి వచ్చింది. మా అన్న ఎలా పోయాడో చెప్పేవాళ్ళు ఉన్నారా అని అడిగింది. ఫీలన్ చెప్పేశాడు.

మర్నాడే మేజర్ ఆయన్ని సంఘంలోంచి తీసేశాడు. "బతికుండగా ఈ గడప తొక్కనివ్వను. చచ్చాక నీ పేరు పిలవను," అన్నాడు అందరి ముందూ.

ఏప్రిల్లో ఫీలన్‌కి కరోనా వచ్చింది. ఆసుపత్రిలో దగ్గర ఉన్నది నిస్సీయే. మాస్కు మీద మాస్కు, చేతులకి గ్లవ్సు — ఆ చేతినే పట్టుకుని పోయాడు. పోయేముందు ఒకే మాట అన్నాడు, గుసగుసగా.

"మేజర్‌తో చెప్పమ్మా... నా పేరు పిలవకపోతే వాణ్ణి కూర్చోనివ్వను."

నిస్సీ వెళ్ళి చెప్పింది. హాలు గుమ్మంలో నిలబడి బతిమాలింది. మేజర్ నవ్వాడు. "జ్వరంలో ఏదో వాగి ఉంటాడు," అని తలుపేసుకున్నాడు. సండే స్కూల్లో పిల్లలకి క్షమించమని పాఠం చెప్పే నిస్సీకి ఆ నవ్వు గుండెలో ముల్లులా దిగిపోయింది. ఆ రోజునుంచి ప్రార్థనలో 'మేము క్షమించిన ప్రకారము మా అపరాధములను క్షమించుము' అనే చోటికి రాగానే ఆమె గొంతు ఆగిపోయేది.

నవంబరు వచ్చింది. సాయంత్రం ఐదింటికే చిమ్మచీకటి. హాల్లో ముగ్గురే — మేజర్, ఫీలన్ బదులు డ్రమ్ము దగ్గర యోనా, ఫోన్ పట్టుకుని నిస్సీ. మిగతా సభ్యులంతా ఆ ఫోను తెరలో, ఎవరి ఇళ్ళలో వాళ్ళు.

మేజర్ పేర్లు పిలిచాడు. యోనా పలికించాడు. ఫీలన్ పేరు వచ్చే చోట... మేజర్ ఒక్క క్షణం నిస్సీ కళ్ళలోకి చూసి, తర్వాతి పేరుకి పోయాడు.

నిస్సీ ఫోన్‌ని సూటిగా మేజర్ ముఖం మీదికి తిప్పింది. కోపంతో.

పేర్లు అయిపోయాయి. యోనా డ్రమ్ము తాళ్ళు వదులు చేసి, కర్రలు చంకలో పెట్టుకుని పక్కకి జరిగాడు. ఇక మిగిలింది అధ్యక్షుడు తన పేరు చెప్పి కూర్చునే ముగింపు మాట, దానికి డ్రమ్ము ఉండదు.

"పిలిచినవాడు — మేజర్ హార్ట్‌నెట్."

ధన్.

ధన్.

మేజర్ కూర్చోబోతూ ఆగిపోయాడు. ఒక ఊపిరంత సేపు... రెండు ఊపిరులు... మూడో దెబ్బ పడలేదు.

"ఏం వేళాకోళం ఇది?" అన్నాడు యోనా వైపు తిరిగి. తెరలోని ముసలివాళ్ళంతా నిటారుగా అయిపోయారు. మేజర్ కుర్చీ చేయి పట్టుకున్నాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు. చివరికి నిలబడే ఉండి దీపాలు ఆర్పమన్నాడు.

ఇంటికి పోతూ నిస్సీ మెల్లగా అంది. "మామయ్యా, మంచి పని చేశారు."

"నేనేం చేశానమ్మా?"

"ఆ రెండు దెబ్బలూ..."

యోనా నడక ఆపాడు. "కర్రలు నా చంకలో ఉన్నాయి, చూళ్ళేదా? పైగా తాళ్ళు వదులు చేసేశాను. వదులు డ్రమ్ము మీద నువ్వు ఎంత బాదినా తడి గోనెసంచి మీద బాదినట్టే ఉంటది. అంత గట్టిగా మోగదు."

వంతెన దాటేదాకా నిస్సీ వెనక్కి హాలు వైపు చూస్తూనే నడిచింది.

ఆనాటినుంచి మేజర్ కూర్చోవడం ఎవరూ చూడలేదంటారు. కిటికీలోంచి చూసినవాళ్ళకి నిలబడే టీ తాగుతూ కనిపించేవాడట. క్రిస్మస్ వెళ్ళాక కరోనా ఊరిమీద మళ్ళీ విరుచుకుపడింది. మేజర్‌ని ఆసుపత్రికి తెచ్చారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు చూడండి, ఆయన పడింది నిస్సీ వార్డులోనే.

పడ్డాడన్న మాటే గాని పడుకుంటేనా? ఆక్సిజన్ గొట్టంతో సహా మంచం దిగి నిలబడేవాడు. పడుకోబెడితే మళ్ళీ లేచేవాడు. కాళ్ళు వాచిపోయాయి.

"మూడోది పడలేదు," అన్నాడు నిస్సీతో. "మీ మామగారిని కొట్టమను... ఒక్కటే... నీకు దణ్ణం పెడతాను."

"నా చేతుల్లో ఏముంది మేజర్?" అంది నిస్సీ. "ఫీలన్‌ని పిలవండి."

ఆయన పిలిచాడు. ఫీలన్... ఫీలన్... ఫీలన్... తెల్లవార్లూ పిలిచాడు. నిస్సీ మందు ఇచ్చింది, దుప్పటి సర్దింది, నీళ్ళు తాగించింది. ఏ పనిలోనూ లోపం చెయ్యలేదు. ఒక్క మంచిమాట మాత్రం అనలేదు. తెల్లారేసరికి ఆయన మంచం కమ్మీ పట్టుకుని నిలబడే పోయాడు.

మర్నాడు డ్యూటీ అయ్యేసరికి చీకటి పడిపోయింది. తోడుకోసం యోనా వచ్చాడు. నది పక్క దారిన ఇద్దరూ నడుస్తున్నారు. హాలుకి పెద్ద తాళం. కిటికీల వెనక చీకటి.

"ఫీలన్..."

నిస్సీ ఆగింది. అది తెలిసిన గొంతే. తెల్లవార్లూ విన్న గొంతు.

"ఫీలన్... ఫీలన్..."

ధన్. ధన్.

ఒక ఊపిరంత సేపు. ఇంకా... ఇంకా...

"ఫీలన్..." ఈసారి ఏడుపు గొంతు.

యోనా మాస్కు కిందికి లాగేసుకున్నాడు. ఎన్నో సమాధుల ముందు డ్రమ్ము వాయించిన మనిషి, హాలు తలుపు దగ్గరికి వెళ్ళాడు. "పాపం అమ్మా... ముసలి ప్రాణం. కూర్చోనిద్దాం. ఈ తలుపు మీద నేను ఒక్కటి కొడితే చాలు... ఎవరు కొట్టినా మూడోది మూడోదే."

ఆయన పిడికిలి పైకి లేచింది.

నిస్సీ ఆ చెయ్యి పట్టుకుంది. ఫీలన్ పట్టుకుని పోయిన తన చేత్తోనే పట్టుకుంది. ఇప్పుడు దానికి గ్లవ్సు లేవు, చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"వద్దు మామయ్యా," అంది. "పిలవనీండి."