చేపలకిచ్చిన అర్ర

ఆదివారం పొద్దున వంటింట్లో వసుమతి చేయి జారి ఇత్తడి గిన్నె కింద పడింది. అంతే! లోపలి అర్రలోంచి మామగారు రామచందర్ తల బయటికి పెట్టాడు.

"అమ్మా, జర మెల్లగ! నిన్ననే గుడ్లు పెట్టినయి. బెదిరినయంటే వాటి గుడ్లు అవే తినేస్తయి."

వసుమతి పళ్ళు బిగించి గిన్నె తీసింది. మెల్లగట, మెల్లగ! నాంపల్లి స్టేషన్‌లో రైళ్ళు పొద్దస్తమానం కూతలు పెడుతుంటే బెదరని చేపలు, కోడలి చేతిలో గిన్నెకు బెదురుతాయా?

రామచందర్ గుమాస్తాగిరీ చేసి పింఛను పుచ్చుకున్న మనిషి. ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో బొంబాయి నుంచి వచ్చిన ఏంజెల్ చేపలను చూసి మనసు పారేసుకున్నాడు. అవి సిక్లిడ్ జాతివని, ఓపికుంటే ఇంట్లోనే పిల్లల్ని పెట్టించవచ్చని దుకాణదారు తలకెక్కించాడు. అరడజను పిల్లచేపలను తెచ్చి గాజుతొట్టిలో కలిపి పెంచాడు. ఎవరడిగినా ఒకటే పాఠం: "జోడీ మనం కడితే పొడుచుకొని చస్తయి. నచ్చినదాన్ని అవే ఎంచుకోవాలె." చివరికి ఒక జంట కుదిరింది. మిగతావాటిని తెలిసినవాళ్ళకు పంచిపెట్టి, ఆ జంటకు ఏకాంతం వెతకడం మొదలుపెట్టాడు.

కిరాయి ఇంట్లో ఏకాంతం ఎక్కడినుంచి వస్తుంది? ఉన్నవల్లా ముందు వసారాలాంటి దాలాన్, వంటిల్లు, ఒక లోపలి అర్ర. ఆ అర్రను పెళ్ళైన కొత్తలో వసుమతికీ ఆమె భర్త బాలకిషన్‌కూ ఇచ్చారు. వసుమతి ఆషాఢానికి పుట్టింటికి పోయి వచ్చేసరికి ఆ అర్రలో గాజుతొట్టి కొలువుదీరి ఉంది. కొద్దిరోజులే అన్నారు. రెండేళ్ళయింది. బాలకిషన్ పడక తండ్రితోపాటు దాలాన్‌లో, వసుమతి పడక అత్తగారు జయమ్మ పక్కన వంటింట్లో.

ఇంత అన్యాయం జరుగుతుంటే ఇంట్లో ఒక్కరూ కిక్కురుమనలేదు. పెద్దల ముందు భార్యతో మాట్లాడటమే తప్పని పెరిగినవాడు బాలకిషన్. పడక సంగతి తండ్రి దగ్గర ఎత్తడం అతని తరమా? కోడలు ఎత్తితే సిగ్గులేనిదంటారు. అందుకే ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

కాసేపటికి జయమ్మ అక్క పూలమ్మ బషీర్‌బాగ్ నుంచి రిక్షాలో దిగింది. చాయ్ తాగుతూనే అసలు సంగతి బయటపెట్టింది.

"చెల్లె, రెండేండ్లాయె. కోడలి కడుపు పండలే. మా ఆడిబిడ్డ కూతురు ఉన్నది, మంచి పనిమంతురాలు. కిషన్‌కు చేసుకుందాం. రెండో పెండ్లి చేసుకోవద్దని ఢిల్లీల చట్టం తెస్తున్నరంట. అది వచ్చినంక మన చేతుల ఏముండది. ఈ మాఘంలనే కానిద్దాం."

జయమ్మ నిట్టూర్చింది. "నేను మొక్కని దేవుడు లేడక్కా. తాయెత్తు సుత కట్టిచ్చిన. ఇగ నువ్వు చెప్పినట్టు ఆలోచన చెయ్యాలె."

ఆలోచన చెయ్యాలట! వంటింటి గుమ్మంలో నిలబడ్డ వసుమతి ఒళ్ళు భగ్గుమంది. దాలాన్ మెట్ల మీద కూర్చున్న మొగుడి వైపు చూసింది. అతను కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. ఆ వేలిలో ఏం కనబడిందో మరి!

"ఏం ఆలోచన చేస్తరు అత్తమ్మా?" అంది వసుమతి ముందుకొచ్చి.

పూలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఏందే, పెద్దోళ్ళ మాటల నడుమ నీ నోరేంది?"

"నా బతుకు ముచ్చట గద పెద్దత్తమ్మా! నేను మాట్లాడకుంటే ఎవ్వలు మాట్లాడుతరు?"

ఆ కేకకు రామచందర్ అర్రలోంచి పరుగున వచ్చాడు. "మెల్లగ, మెల్లగ! గుడ్లు తింటయమ్మా!"

రెండేళ్ళుగా మింగినదంతా ఆ ఒక్క మాటతో వసుమతి గొంతులోకి వచ్చేసింది.

"మామయ్యా, మీరే చెప్పుండ్రి. ఆ చేపలకు అర్ర ఎందుకిచ్చిన్రు?"

ఆయన తడబడ్డాడు. "జోడీకి ఏకాంతం గావాలె గదమ్మా. మనిషి నీడ సుత పడొద్దు. లేకుంటే అవి గుడ్లే పెట్టవు..."

"ఔ గదా! మరి మీ కొడుకు మీ పక్కన పంటడు. నేను అత్తమ్మ పక్కన పంట. చాయ్ గిలాస ఇచ్చేటప్పుడు తప్ప మేము ఒకల మొకం ఒకలం చూసింది ఎన్నడు? చేపలకు తెల్సిన న్యాయం మాకు వద్దా? నన్ను గొడ్రాలంటున్నరు, ఏ నోటితోని అంటున్నరు?"

"ఛీ ఛీ! సిగ్గు శరం ఉన్నదా నీకు!" పూలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"సిగ్గుకే ఇన్నొద్దులు చచ్చిన. సవతిని తెస్తమంటుంటే ఇంకేం సిగ్గు? తేండ్రి! ఆమెను యాడ పండబెడ్తరు? వంటింట్ల నాకు అటుపక్కనా?"

జయమ్మ ముఖం పాలిపోయింది. రోజూ కోడలి చాప తన చాప పక్కనే వేయించింది ఆమే. ఆ చేతులతోనే దేవుళ్ళకు మొక్కింది. ఒకదానికొకటి ముడి ఉందని ఆ పిచ్చితల్లికి ఒక్కనాడూ తోచలేదు.

"నా బుద్ధి మన్నైపోను," అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని అంది, "అక్కా, మీ ఆడిబిడ్డ కూతురికి వేరే సంబంధం చూసుకోండ్రి."

పూలమ్మ గొణుక్కుంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. రామచందర్ గిర్రున తిరిగి అర్రలోకి నడిచాడు. కోపమొచ్చిందనుకున్నారంతా. చూస్తే ఆయన రబ్బరు గొట్టం పెట్టి తొట్టిలోని నీళ్ళు బకెట్లోకి వదులుతున్నాడు.

"నాన్నా, గుడ్లున్నయి గద," అన్నాడు బాలకిషన్ కంగారుగా. "జర ఆగితే పిల్లలైతయి."

"నిన్ను రెండేండ్లు ఆపిన గదరా," అన్నాడు రామచందర్.

నీళ్ళు తగ్గుతుంటే చేపలు బెదిరి పలకరాయి మీది గుడ్లను ఒక్కొక్కటే మింగేశాయి. ఆయన చూడలేక ముఖం తిప్పుకున్నాడు. ఎన్నాళ్ళ ఆశ అది! వసుమతికి జాలేసింది. జాలేసినా ఆగమని మాత్రం అనలేదు.

తండ్రీకొడుకులు తొట్టిని మోసుకొచ్చి దాలాన్‌లో పెట్టారు. "ఈ అర్ర నీదమ్మా," అన్నాడు రామచందర్ తల వంచుకుని. "నా కండ్లు మూసుకపోయినయి." వసుమతి తల ఊపింది. కానీ ఆమె కోపం ఇంకా తీరలేదు. అత్తమామల ఎదుటే మొగుణ్ణి నిలదీసింది.

"పరాయింటి నుంచి వచ్చినదాన్ని, నేను నోరు తెరిచిన. కన్నకొడుకు మీరు, మీకెందుకు రాలే నోరు?"

బాలకిషన్ తల్లి వైపు, తండ్రి వైపు చూశాడు. తర్వాత, వాళ్ళ ముందు మొట్టమొదటిసారి భార్యను పేరుపెట్టి పిలిచాడు.

"నాదే తప్పు వసుమతీ. పెద్దమ్మ ఆ మాట అంటుంటే సుత నేల చూసుకుంట కూసున్న. ఎంతన్న తిట్టు, పడ్త."

జయమ్మ వంటింట్లోంచి కోడలి పక్కబట్టలు తెచ్చి అర్రలో పెట్టింది. బయటికి వచ్చి మొగుడితో, "మొజంజాహీ మార్కెట్ దాంక పోదాం నడువుండ్రి," అంది.

"ఇప్పుడేం తెచ్చేదున్నది?"

"ఏం తెచ్చేది లేదు. మెల్లగ పోయి, మెల్లగ వద్దాం."

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. అర్థమయ్యాక గబగబా టోపీ అందుకున్నాడు. ఇద్దరూ వీధి తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

అంతసేపూ నిప్పులా నిలబడ్డ వసుమతికి అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు. బాలకిషన్ దగ్గరికొచ్చి చేయి పట్టుకున్నాడు. విదిలించుకుంది. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి ఊరుకుంది.