గోదాంలో సగం ఫైటు

చీకటి పడ్డాక ఆ గోదాం పక్కనుంచి నడవడానికి ఎంత మొండివాడైనా జంకేవాడు.

పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ కనబడదు. రేకుల కప్పు, తుప్పు పట్టిన పెద్ద తలుపు, లోపల సినిమావాళ్లు కట్టి వదిలేసిన చెక్క ఇల్లు. నేలా చెక్కే, మెట్లూ చెక్కే, మెట్లెక్కితే పైన వసారా కూడా చెక్కే. పొద్దు గుంకితే మాత్రం ఆ నేల మీద ఎవరో కర్ర తిప్పుతారని చెప్పుకునేవారు. దబ్... దబ్... కాసేపు ఏమీ ఉండదు... మళ్లీ దబ్.

ఒకసారి లైట్లవాళ్లు ఆ చప్పుడు విని, లైట్లన్నీ అక్కడే పారేసి పరిగెత్తారు. మర్నాడు వచ్చి తీసుకెళ్లమంటే, "ఆ లైట్లు మావి కావండీ" అన్నారట.

అందరూ భయపడ్డారు, ఒక్క ఫైట్ మాస్టర్ తప్ప. అతనికి భయం బదులు ఒళ్లు మండింది.

మండదూ మరి? ఆ పై వసారా మీదినుంచే అతని భార్య పడి చనిపోయింది.

ఆవిడ డూప్. హీరోయిన్ దూకాల్సిన చోట ఆవిడ దూకేది, హీరోయిన్ దెబ్బలు తినాల్సిన చోట ఆవిడ తినేది. డూప్‌కి మొదట నేర్పేది దూకడం అనుకుంటాం. కాదు, ముఖం తిప్పుకోవడం. ఎంత ఎత్తునుంచి పడుతున్నా కెమెరాకి జుట్టు కనబడాలి గానీ ముక్కు కనబడకూడదు. కనబడిందా, ఆ షాట్ దండగ. ఆవిడకి ఆ పాఠం నేర్పింది మాస్టరే. రిహార్సల్లో ఆవిడ వసారా అంచుకి రాగానే కింద నుంచి "ముఖం తిప్పు!" అని కేకేసేవాడు. పెళ్లయ్యాక ఆవిడ వేళాకోళమాడేది — "నువ్వు మనసు పారేసుకుంది నన్ను చూసా, నా జడని చూసా? నిజం చెప్పవయ్యా!"

ఆవిడ చివరగా చేసిన సినిమా కూడా మామూలు కొట్లాటల సినిమా కాదు. ఒక ముసలి కత్తివీరుడు చెక్క ఇంట్లో ఒంటరిగా బతుకుతుంటాడు. మతి తప్పుతూ ఉంటుంది. ఒకప్పుడు తను ప్రేమించిన మనిషితోనే కత్తి దూశాడు, ఆమె పైనుంచి పడిపోయింది... అతనికి మిగిలిన జ్ఞాపకం అదొక్కటే. ఆ పడిపోవడం మాటిమాటికీ గుర్తొస్తుంది, ముఖం మాత్రం గుర్తురాదు. కథంతా అంతే. మాటలు తక్కువ, గాలి చప్పుడు ఎక్కువ.

ఆ పడిపోయే షాట్‌లో తాడు తెగింది. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆ షాట్‌నే డైరెక్టర్ సినిమాలో ఉంచాడు.

"తీసెయ్యండి" అన్నాడు మాస్టర్, ఎడిటింగ్ గదిలో నిలబడి.

"మాస్టర్, ఆ షాటే సినిమా. పడుతూ కూడా ముఖం ఎలా తిప్పుకుందో చూడండి... మరుపు అంటే అదే కదా! ఎంత గొప్ప నటన!"

మాస్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "నటనా? తాడు తెగి చచ్చిపోతున్న మనిషి నటిస్తుందా? అది అలవాటయ్యా! చచ్చేటప్పుడు కూడా నీ షాట్ పాడుచేయకూడదనుకుంది. నా పెళ్లాం చావుని టిక్కెట్టు పెట్టి చూపిస్తావా?"

డైరెక్టర్ కళ్లజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు — "ఇంకో షాట్ తెచ్చివ్వండి, ఇది తీసేస్తాను. కానీ అదే ఇల్లు, రాత్రి పూటే. వచ్చేవాళ్లు ఎవరున్నారో చూడండి."

రారని తెలిసే అన్నాడు. ఆ గోదాంలోకి ఇంక ఏ డూప్ వస్తుంది, ఏ లైట్లవాడు వస్తాడు? బొమ్మ విడుదలయ్యేలోగా వాళ్లని రప్పించకపోతే, ఊరూరా ప్రతి ఆటకీ ఆవిడ చస్తూనే ఉంటుంది.

అందుకని మాస్టర్ ఆ సాయంత్రమే గోదాంకి బయల్దేరాడు. లోపల దెయ్యమూ లేదు, భూతమూ లేదని తేల్చి, మర్నాడు అందరినీ చెవులు పట్టి లాక్కురావాలని.

తలుపు దగ్గర కాపలా తాత బీడీ కాలుస్తున్నాడు.

"తాతా, నీకెప్పుడైనా చప్పుళ్లు వినబడ్డాయా?"

"ఆఁ?"

"చప్పుళ్లు! లోపల!"

"నాకు చెవుడు బాబూ. అందుకే కదా నాకీ ఉద్యోగమిచ్చారు!" అని తాత నవ్వి, టార్చి చేతిలో పెట్టాడు.

లోపల చెక్కవాసన, దుమ్ము. మాస్టర్ మెట్ల కింద బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు. టార్చి ఆర్పాడు. రేకుల సందులోంచి పడుతున్న కాస్త వెలుతురు కూడా చూస్తుండగానే పోయింది...

దబ్.

మాస్టర్ కదల్లేదు. 'వచ్చావా? డైరెక్టర్ బాబు ఏ మూలనో స్పీకర్ పెట్టించాడన్నమాట' అనుకున్నాడు. పళ్లు కొరుకుతూ లేచి గోడలన్నీ తడిమాడు. వైరు లేదు, స్పీకర్ లేదు.

దబ్... దబ్... చిన్న ఆగుడు... కాలు ఈడ్చిన చప్పుడు... మళ్లీ ఆగుడు.

ఆ ఆగుళ్ల దగ్గర అతని ఒళ్లు జలదరించింది.

ఫైటు అనేది ఇద్దరి పని. ఒకరు కొట్టాలి, రెండోవారు కాచుకోవాలి. రెండోమనిషి రానిరోజు ఒక్కరే సాధన చేస్తే, అవతలివాళ్ల దెబ్బ పడాల్సిన చోట ఆగుతారు, ఆ ఖాళీ వదిలిపెడతారు. ఇప్పుడు చీకట్లో వినబడుతున్నది సగం ఫైటు. మిగతా సగం ఎక్కడుందో అతనికి తెలుసు. తన చేతుల్లోనే ఉంది! హీరోకి బదులు ఆవిడతో తలపడింది తనే మరి.

నేలమీద తడిమితే రిహార్సల్ కర్ర దొరికింది. ఎవడో తమ ఫైటు నేర్చుకుని ఆటలాడుతున్నాడు. వాడి వీపు చీరేస్తానని ముందుకు దూకి, తర్వాతి ఆగుడులో కర్ర విసిరాడు.

ఠక్!

కర్ర కర్రకి తగిలింది. సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

తర్వాత ఆలోచించే వ్యవధి లేకపోయింది. చేతులు వాటంతటవే కదిలాయి. ఠక్... ఠక్... పక్కకి ఒరగడం... మోకాలి మీదికి వంగడం... అవతల ఊపిరి వినబడుతోంది. పాత పద్ధతే, పాత లయే. ఒక్కటే తేడా. సినిమా ఫైటులో దెబ్బని చివర్లో ఆపుతారు. ఈ దెబ్బలు ఆగడం లేదు!

వేళ్ల మీద పడింది. చర్మం చిట్లింది. భుజం మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎందుకే నా మీద ఇంత కోపం?" అని అరిచాడు. ఆ మాట ఎలా వచ్చిందో, ఎవర్ని అంటున్నాడో అతనికే తెలియదు. "నీ చావుని పదిమంది ముందు పెట్టొద్దనే కదా నేను కొట్లాడుతున్నది! ఆ షాట్ తీయించేస్తాను. నువ్వు ఇంకెక్కడా కనబడవు, సరేనా?"

ఈ మాటకి ఇంకా గట్టి దెబ్బ పడింది. చేతిలో కర్ర రెండు ముక్కలైంది.

తర్వాత... మెట్టు కిర్రుమంది. ఇంకో మెట్టు.

"ఎక్కొద్దు!" మాస్టర్ మెట్ల వైపు చెయ్యి చాచాడు. "ఎక్కొద్దే... తాడు మంచిది కాదు..."

వసారా చివరి పలక మూలిగింది. అదే చోటు. అదే క్షణం. ఏళ్ల తరబడి నోటికి పట్టిన కేక దానంతటదే గొంతులోకి వచ్చింది.

"ముఖం తి..."

సగంలో ఆగాడు. నాలుక కొరుక్కున్నాడు. డైరెక్టర్ మీద కోపం, తాడు మీద కోపం, కెమెరా మీద కోపం.

"తిప్పకు! ఎవడి కోసం తిప్పుకుంటావే ఇంకా? ఎవడికి భయపడి? ఇటు చూడు. నీ ముఖం నీదే!"

ఏమీ పడలేదు.

చప్పుడు కూడా లేదు.

ఎంతసేపటికీ మాస్టర్ బయటికి రాకపోయేసరికి, లాంతరు పట్టుకుని తాత లోపలికి వచ్చాడు. మాస్టర్ చేతి నెత్తురు చూశాడు, ముక్కలైన కర్ర చూశాడు, మెట్ల పక్క స్తంభం చూశాడు.

"ఎందుకు బాబూ, ఆ స్తంభాన్ని అట్లా చావబాదావు?"

మాస్టర్ స్తంభం వైపు చూశాడు. దానినిండా కొత్త దెబ్బల గుర్తులే. అతనికి సిగ్గేసింది. చలికి చెక్కలు ముడుచుకుంటాయి, చప్పుడు చేస్తాయి. చీకట్లో కోపంగా ఉన్న మనిషి స్తంభంతో కూడా తలపడతాడు. అంతే అయి ఉంటుంది... అంతే.

మంచిదే అయింది. దెయ్యం లేదని తేలింది. చేతికి జేబురుమాలు చుట్టుకుని, ఆ సంగతి డైరెక్టర్ ముఖాన కొట్టడానికి తిన్నగా ఎడిటింగ్ గదికి వెళ్లాడు.

తలుపు తోసేలోపే డైరెక్టర్ బయటికి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"ఏం చేశారు? నా షాట్‌ని ఏం చేశారు? ఎవర్ని పెట్టి తీశారు దీన్ని?"

"నేనేం తీశాను? గోదాంలోంచే వస్తున్నా..."

"అబద్ధం! ఇప్పుడే టీ తాగి వచ్చాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. మరి ఇదేంటి? ఇదేంటి మాస్టర్?"

లోపల తెర మీద బొమ్మ ఆగి ఉంది. అదే వసారా, అదే రాత్రి, గాలిలో తెగిన తాడు. పడుతున్న మనిషి జుట్టు పక్కకి ఎగిరిపోయి ఉంది...

ముఖం ఇటే తిరిగి ఉంది.

మాస్టర్ గోడ పట్టుకున్నాడు. ఆ కనుబొమల మధ్య ముడత అతనికి తెలుసు. కోపమొచ్చినప్పుడు మాత్రమే పడే ముడత. ఆవిడ చూపు అతని మీద లేదు. నేరుగా డైరెక్టర్ మీద ఉంది.

డైరెక్టర్ కుడిపక్కకి జరిగాడు. చూపు కూడా జరిగింది.

"తీసేస్తాను మాస్టర్..." గుసగుసగా అన్నాడు. "మీరు అడిగినట్టే... ఇప్పుడే తీసేస్తాను..."

"దాని మీద చెయ్యి వేశావో, ఆ చెయ్యి విరగ్గొడతా." 'ఇంకెక్కడా కనబడవు' అన్నందుకు గోదాంలో అంత గట్టి దెబ్బ ఎందుకు పడిందో మాస్టర్‌కి ఇప్పుడర్థమైంది. "ఒక్క క్షణం కూడా కత్తిరించకు. ఆవిడ పేరు వెయ్యి. అందరికంటే ముందు, పెద్ద అక్షరాల్లో."

"వేస్తాను. తప్పకుండా వేస్తాను..." అన్నాడు డైరెక్టర్. తర్వాత నీళ్లు నమిలాడు. ఇన్నేళ్లూ ఆవిడని 'డూప్ అమ్మాయి' అనే పిలిచాడు. "ఆవిడ పేరు... ఏంటి మాస్టర్?"

మాస్టర్ అతని వైపు చూశాడు. కొట్టాలనిపించింది. కొట్టలేదు. అతని మెడ పట్టి తెర వైపు తిప్పాడు.

"నన్నెందుకు అడుగుతావు? ఎదురుగా ఉంది కదా. ఆవిడనే అడుగు."

ఆగిన బొమ్మలో పెదాలు విచ్చుకున్నాయి.