మూడు నలుసులు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు తప్పితే మన్నించండి, దీర్ఘాలు ఎక్కువైతే మీరే తగ్గించి చదువుకోండి. ఈ కాస్త రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. కథ మాత్రం నాకన్నా త్వరగానే నడుస్తుంది.

2079 నాటికి అనంతపురంలో ముసలివాళ్ళ పేర్లన్నీ లాస్య, జాన్వి, హన్సిక. కుర్రకారు పేర్లు ఓబులేసు, సుంకన్న, తిప్పేస్వామి. పాత పేర్ల మీద జనానికి మళ్ళీ మోజు పుట్టింది. మామూలు ఫొటోలన్నీ కళ్ళజోళ్ళే తీసేస్తున్నాయి. అయినా పెళ్ళికి మాత్రం లోపల అద్దం టక్కుమని లేచి పడే పెద్ద డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా ఉండి తీరాల్సిందే. ఆ టక్కు వినబడకపోతే తాళి సరిగా పడలేదేమోనని పెళ్ళివారికి అనుమానం.

అలాంటి కెమెరాలు చేసే ఒక కార్ఖానాలో 'ఏరే గది' ఉండేది. చీకట్లో ఫొటో తీస్తే కెమెరాలోకి వెలుతురు కొంచెమే వస్తుంది. లోపలి సెన్సర్ ఆ కాస్త వెలుతురునే పెంచి చూపిస్తుంది. పెంచేటప్పుడు లేని చుక్కలు కూడా పుట్టుకొస్తాయి. శాస్త్రవేత్తలు వాటిని నాయిస్ అంటారు, ఏరే గదిలో నలుసులు అంటారు. తలలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనబడితే అది పదును. నలుసులు తీసేకొద్దీ పదును పోతుంది. పదును నిలుపుదామంటే నలుసులు మిగులుతాయి. కెమెరాల వాళ్ళకు ఎనభై ఏళ్ళుగా ఇదే తలనొప్పి.

ఆ గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు చేట ఆకారంలో ఉన్న తెరలను ఒళ్ళో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, గోటితో నలుసులు మీటి పారేసేవారు. అరవై ఒక్క ఏళ్ళ లాస్యక్క ఆ గదికి పెద్ద. ఆమె వేలిముద్ర పడనిదే ఏ కెమెరా గడప దాటదు.

ఆ రోజు పరీక్షకు వచ్చిన కొత్త కెమెరాలో 'జల్లెడ' అనే యంత్రబుద్ధి ఉంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఆడవాళ్ళు మీటిన ప్రతి నలుసునూ చూసి నేర్చుకుంది. ఇక ఫొటో తీసిన క్షణంలోనే తానే ఏరేస్తుంది. అంటే, ఈ కెమెరా పాసైతే ఏరే గదికి తాళం.

"అక్కా, మన ఎనిమిది మంది బతుకు నీ బొటనవేలి మీద ఉండాది," అంది జాన్వి.

"నేనేమన్నా పసిబిడ్డనా? వంక దొరక్కుండా యాడికి పోతుంది?" అంటూ లాస్యక్క కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది.

పరీక్ష గది కిటికీలకు నల్లటి తెరలు కట్టి ఉన్నాయి. ఒక్క చిన్న దీపం. దాని పక్కన స్టూలు మీద డైరెక్టర్ డాక్టర్ ఓబులేసు కూర్చున్నాడు. అద్దం టక్కుమంది. చేటంత కాగితం మీద ఆయన ఫొటో బయటికి వచ్చింది.

లాస్యక్క కళ్ళజోడు సర్దుకుని గోరు ఆడిస్తూ వెతికింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల చీకటి కడిగిన పలకలా ఉంది.

"నలుసులు సున్నా. పదును నూటికి తొంభై తొమ్మిది," అంది కెమెరా లోపలి నుంచి జల్లెడ.

లాస్యక్క గోరు ఒకచోట ఆగింది. "సారూ, మీ ముక్కు మీద శనగ గింజంత పులిపిరి ఉండాల గదా. యాడ పోయింది?"

ఓబులేసు ముక్కు తడుముకున్నాడు. ఉంది. ఫొటోలో చూశాడు. లేదు. "బాగానే ఉంది కదక్కా?" అన్నాడు మెల్లగా.

"బాగుండేది వేరే, ఉండేది వేరే సార్."

"ఈ కెమెరా ఆరేళ్ళ ముందే వచ్చి ఉంటే నాకు రెండు సంబంధాలు తప్పిపోయేవి కావక్కా."

జల్లెడ కలగజేసుకుంది. "పులిపిర్లు ఏరమని నాకు నేర్పింది మీరే లాస్యగారూ."

"నేనా?"

"మూడేళ్ళ కిందట శ్రావణమాసంలో, టిఫిన్ వేళ, జాన్విగారి ఫొటోలో నాలుగు వందల పన్నెండు ముడతలు, రెండు పులిపిర్లు మీటేశారు."

లాస్యక్క మొహం ఎర్రబడింది. "అది దాని మనవరాలి పెళ్ళి ఫొటో. బతిమాలితే తీసినా. దాన్ని గూడా చూసినావా నువ్వు?"

"చూశాను. మరుసటి వారం హన్సికగారిది. తరువాత గదిలో అందరివీ. ఒక్క మీది తప్ప."

నిజమే. గదికి పెద్దయి ఉండి 'నా ముడతలు ఏరండే' అని ఎవరిని అడుగుతుంది?

"ఎవరు నేర్పినా తప్పు తప్పే. ఉన్నది పోగొట్టే కెమెరా నాకు పనికిరాదు," అని లాస్యక్క కెమెరాను తిప్పికొట్టే ఎర్ర మీట మీదికి బొటనవేలు చాపింది.

"ఒక్క నిమిషం అక్కా," అన్నాడు ఓబులేసు. "ఇన్నేళ్ళూ అందరి మొహాలూ ఏరారు. మీది ఒకటి తీయనివ్వండి. ఆ తరువాత మీ ఇష్టం."

లాస్యక్క వద్దంటూనే కొంగుతో మొహం తుడుచుకుని స్టూలు ఎక్కింది. టక్కు.

ఫొటో చేతిలోకి తీసుకుని ఆమె దీపం దగ్గరికి పట్టుకుంది. నెరిసిన వెంట్రుక ఒక్కొక్కటీ వెండి తీగలా విడిగా ఉంది. నుదురు మాత్రం కొత్తగా అలికిన అరుగులా నున్నగా ఉంది. ఎప్పుడో అద్దంలో తప్పిపోయిన మనిషి ఇన్నాళ్ళకు తిరిగొచ్చి కూర్చున్నట్టుంది.

అంతలో ఆమె చెయ్యి గడ్డం మీదికి పోయింది. "నా పచ్చబొట్లు! మూడు చుక్కలు! కదిరి తిరునాళ్ళలో మా అవ్వ పట్టుబట్టి పొడిపించినవి! యాడేసినావు?"

"నలుసు సైజులో ఉన్నాయి. ఏరేశాను."

"తిరిగి పెట్టు."

"పెట్టగలను. కానీ నా జల్లెడకు రంధ్రం సైజు ఒక్కటే. బొట్లు నిలిస్తే ముడతలూ నిలుస్తాయి."

"రెండూ వేరే వేరే గదా?"

"వేరని నాకు ఎవరూ నేర్పలేదు."

తలుపు అద్దానికి ఏడు ముక్కులు ఆని ఉన్నాయి. ఓబులేసు పైకప్పు చూస్తున్నాడు. లాస్యక్క ఎర్ర మీటను చూసింది, ఫొటోను చూసింది. రొంటిన ఉన్న సంచి విప్పి కాటుక భరిణ తీసింది. చిటికెనవేలితో ఫొటోలోని గడ్డం మీద మూడు చుక్కలు పెట్టింది. చెయ్యి చాపి దూరం నుంచి ఒకసారి చూసుకుంది.

"ఇప్పుడు సరిపోయింది," అని పచ్చ మీట నొక్కింది.

బయట జాన్వి నెత్తిన చేతులు పెట్టుకుంది. "మన నోట్లో మన్ను కొట్టినావు గదక్కా!"

లాస్యక్క ఫొటో చూపించింది. జాన్వి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "సారు ఇంకా లోపలే ఉండాడా?"

పది నిమిషాల్లో ఏడుగురూ తలలు దువ్వుకుని వరసలో నిలబడ్డారు.

జల్లెడ తన నివేదికలో ఇలా రాసుకుంది: కెమెరా మిగిల్చిన నలుసులు సున్నా. ఫొటోలో నలుసులు మూడు. పరీక్షించిన వారు స్వయంగా పెట్టినవి.

ఏరే గదికి తాళం పడింది. సరిగ్గా నలభై రోజులు. ఆలోపు కార్ఖానాకు ఫిర్యాదులు వచ్చి పడ్డాయి. పసిపిల్లల బుగ్గల మీద దిష్టిచుక్కలు మాయమయ్యాయని తల్లులు శాపనార్థాలు పెట్టారు. అదృష్టం తెచ్చిన పుట్టుమచ్చ పోయిందని ఒక మంత్రిగారు అలిగారు. విచిత్రమేమంటే, మా ముడతలు మాకు ఇవ్వమని ఒక్కరూ రాయలేదు.

తాళం తీశారు. గది పేరు 'పెట్టే గది' అయింది. అదే ఎనిమిది మంది, అవే చేటలు, ఒక్కొక్కరికీ ఒక కాటుక భరిణ.

మొదటి రోజే జల్లెడ ఒక చిక్కు తెచ్చింది. "లాస్యగారూ, ఇది మన డైరెక్టర్ గారి ఫొటో. పులిపిరి వద్దని ఆయన రాశారు. నా కొడుకు ముక్కు ఎవరు మార్చారని వాళ్ళమ్మ రాశారు. దీన్ని నలుసు అనుకోవాలా, వద్దా?"

లాస్యక్క కాటుకలో వేలు ముంచి ఆలోచించింది.

"ఫొటో ఎవురింటి గోడకు పోతుంది?"

"వాళ్ళమ్మగారింటికి."

"అయితే ఇట్లా తే."

— కురుబ సాకమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ధర్మవరంలో.