ఢాం గారి సెలవు

చీకటి పడితే ఫిరంగి దిబ్బ వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. యుద్ధం రోజుల్లో సముద్రపు ఒడ్డున కట్టిన దిబ్బ అది. మందపాటి సిమెంటు గోడలు, గుండ్లు దాచే గది, ఫిరంగిని కూర్చోబెట్టిన గుండ్రటి గొయ్యి. ఫిరంగిని ఎప్పుడో పాత ఇనుము కింద ఎత్తుకుపోయారు. అయినా రాత్రిళ్లు ఆ గొయ్యిలోంచి ఒక గొంతు వినిపిస్తుందనేవారు.

"నింపు... గురి... పేల్చు!"

ఆ తర్వాత ఏమీ ఉండదు. జనం పరుగు తీసేది ఆ నిశ్శబ్దానికే.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆ దిబ్బ మీద యుద్ధంలో ఒక్కడూ చావలేదు. శత్రువు ఓడ ఒక్కటీ ఇటు తొంగిచూడలేదు. మా నాన్న అక్కడే సిపాయి. గుండ్లు తక్కువ, కవాతులో వృథా చెయ్యకూడదని కెప్టెన్ గారి ఆజ్ఞ. అందుకని ఆయన "పేల్చు" అనగానే ఒక మనిషి నోటితో "ఢాం" అనాలి. అది వినపడ్డాకే మిగతావాళ్లు కదలాలి. ఆ ఒక మనిషి మా నాన్న. యుద్ధమంతా ఆయన చేసిన దేశసేవ అదే. ఊరంతా ఆయన్ని ఢాం గారు అనేది.

యుద్ధం అయిపోయింది, అందరూ ఇళ్లకు చేరారు. ఫిరంగి పక్కన వీరమరణం పొందాలని ఉబలాటపడ్డ కెప్టెన్ గారు మాత్రం జ్వరమొచ్చి మంచం మీద పోయారు. దిబ్బ మీద గొంతు మొదలైంది ఆ తర్వాతే.

ఇక నేను పుట్టిన రాత్రి సంగతి... ఇది నాన్న చెప్పగా విన్నది.

అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పురుడు పోసే నర్సమ్మ ఇల్లేమో దిబ్బకి అవతల. చుట్టూ తిరిగి వెళితే తల్లీ బిడ్డా దక్కరు. నాన్న లాంతరు పట్టుకుని అడ్డదారిన పడ్డాడు.

గొయ్యి దగ్గరికి వచ్చేసరికి లాంతరు ఆరిపోయింది. గాలి లేదు... ఆకు కదలడం లేదు.

"నింపు... గురి... పేల్చు!"

నాన్న కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. కాసేపటికి మళ్లీ అదే ఆజ్ఞ — ఈసారి కాస్త విసుగ్గా. అప్పుడు అర్థమైంది ఆయనకి. ఇన్నాళ్లూ ఆ చీకటి ఎదురుచూస్తున్నది తన కోసమే.

"ఢాం," అన్నాడు నాన్న.

"ఆలస్యం..." అంది గొంతు. "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావ్?"

"ఇంకా చావలేదు సార్... ఇంట్లో కానుపు. సెలవు కావాలి."

గొంతు ఆజ్ఞ ఇచ్చినట్టే పలికింది.

"ఇంట్లో పనులన్నీ అయ్యేదాకా సెలవు. అయ్యాక వచ్చి నీ చోట నిలబడు."

కాళ్లు కదిలాయి. నాన్న నర్సమ్మని వెంటబెట్టుకుని అదే దారిన తిరిగొచ్చాడు. సెలవులో ఉన్న సిపాయిని ఎవరూ పలకరించలేదు. అమ్మ బతికింది, నేను భూమ్మీద పడ్డాను.

ఆ తర్వాత నాన్న నన్ను చదివించాడు, నా చెల్లెలి పెళ్లి చేశాడు, ఇల్లు కట్టాడు. వెనక గోడకి మాత్రం సిమెంటు పూత పూయనివ్వలేదు. వానొస్తే వంటింట్లోకి చెమ్మ దిగేది.

"ఇంకెప్పుడండీ?" అని అమ్మ గోల పెట్టేది.

"ఉండనీవే. ఆ పని మిగిలుంది కాబట్టే నేనిక్కడ ఉన్నాను."

"నోటితో ఫిరంగి పేల్చిన వీరుడు గోడ చాటున దాక్కున్నాడు," అని అమ్మ నవ్వేది. సెలవు కథని ఆమె ఒక్కనాడూ నమ్మలేదు.

ఒకసారి నాన్న మా చెల్లెలి ఇంటికెళ్లినప్పుడు అమ్మ తాపీమేస్త్రిని పిలిపించింది. నాన్న తిరిగొచ్చేసరికి వెనక గోడ అద్దంలా మెరుస్తోంది. ఆయన అరచెయ్యి ఆనించి చూశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఇంట్లో ఇంక ఒక్క పనీ లేదు," అంది అమ్మ గర్వంగా.

నాన్న కోప్పడలేదు. అటక మీంచి పాత బూట్లు దింపి, తుడిచి, మెరుగుపెట్టుకున్నాడు. మేం పడీ పడీ నవ్వాం. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

ఆ రాత్రి అందరం మంచి నిద్రలో ఉన్నాం.

"నింపు... గురి... పేల్చు!"

వెంటనే —

"ఢాం!"

ఊరు ఊరంతా విన్నది. నేను నాన్న గదిలోకి పరిగెత్తాను. ఆయన మంచం మీదే ఉన్నాడు, కాళ్లకి బూట్లతో. ఒళ్లు అప్పటికే చల్లబడిపోయింది.

ఇప్పుడు దిబ్బ మీద ఆ నిశ్శబ్దం లేదు. జనానికి భయం పోయింది, రాత్రిళ్లు కూడా అడ్డదారినే నడుస్తున్నారు. ఢాం గారు డ్యూటీలో ఉన్నారులే అనుకుంటూ పోతారు.

కర్మకాండలు అయి చుట్టాలు వెళ్లిపోయిన సాయంత్రం, పెరట్లో టక్ టక్‌మని చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ... సుత్తి పట్టుకుని వెనక గోడ పూత రాలగొడుతోంది. జుట్టంతా సిమెంటు దుమ్ము.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఇంకా పని ఉందని వాళ్లకి తెలియాలి కదరా," అంది చెయ్యి ఆపకుండా. "మీ నాన్నకి సెలవు పొడిగిస్తారేమో."