సున్నా పాయింట్ మూడు తొమ్మిది

ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. ఊళ్ళో సగం మేడలకి లిఫ్టు మెకానిక్ అతనే. అయినా ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుజ్జే. ఆ ఆదివారం పొద్దున్నే బుజ్జి అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే, హాల్లోంచి నాన్న ఫోన్లో మాట్లాడడం వినిపించింది.

"అల్లుడూ, మళ్ళీ అదే అంకె. సున్నా పాయింట్ మూడు తొమ్మిది... ఇప్పుడే వస్తావా? రా రా. అమ్మాయిని కూడా తీసుకురా."

బుజ్జి చేతిలో రేజరు ఆగిపోయింది. తనకీ నాన్నకీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. ఆ తలుపు తోసి "ఒరే, ఇటొకసారి చూడరా" అనడానికి నాన్నకి నోరు రాలేదు. ఊరికి ఆ చివరనున్న అల్లుడికి ఫోన్ చేయడానికి మాత్రం వచ్చింది.

గది బయటికి వచ్చేసరికి నాన్న చొక్కా మార్చుకుంటున్నారు. ఉతికిన చొక్కా, ఇస్త్రీ చేసింది. కిటికీ పక్కన బావ కూర్చునే కుర్చీని తుడిచి సరిగ్గా వేశారు. దాని మీదున్న బుజ్జి పనిముట్ల పెట్టె ఓ మూలకి పోయింది.

"మొహమేంటి అలా ఉంది? లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నట్టు!" అంది భార్య, టీ గ్లాసు అందిస్తూ.

"నా పెట్టె ఎవరు తీశారు?"

"మావయ్యగారు. మీ బావ వస్తున్నాడుగా."

బుజ్జి టీ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు.

నాన్న ముప్పై ఏళ్ళు శిక్షణ సంస్థలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పిల్లలకి పని నేర్పిన మాస్టారు. రిటైరయ్యాక కొత్తగా పని నేర్చుకునేవాళ్ళ కోసం ఓ పుస్తకం రాస్తున్నారు. రెండు వందల బొమ్మలు ఆయనే కంప్యూటర్లో గీస్తున్నారు. సంస్థవాళ్ళు మంగళవారానికల్లా పంపమన్నారు. ఇంకా పంతొమ్మిది బొమ్మలు మిగిలాయి. ఆ పాత లాప్‌టాప్ తెచ్చింది బుజ్జే. నాలుగేళ్ళ కిందట ఏదో ఆఫీసువాళ్ళు పాతవి వదిలించుకుంటుంటే ఏరి ఏరి ఒకటి పట్టుకొచ్చి, తుడిచి, అన్నీ ఎక్కించి నాన్న ముందు పెట్టాడు. ఆరోజు నాన్న వచ్చినవాళ్ళందరికీ "మావాడు తెచ్చాడు" అని చూపించారు.

రెండు నెలలుగా అది నత్తలా నడుస్తోంది. దాని వేగం ఎక్కడ చూడాలో బావ ఆయనకి అంతకుముందే నేర్పి ఉన్నాడు. బావది లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం. వెంట్రుకవాసి తేడా కూడా కొలిచి చూసిన మనిషి కదా, నాన్న అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రం ఆ అంకె చూసి నోటుబుక్కులో రాసుకుంటున్నారు. మిషన్ వివరాల పేజీలో 2.60 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. పని ఎలా సాగుతోందో చూపే ఇంకో పేజీలో 0.39. ఏది నిజమో ఆయనకి అంతుపట్టలేదు.

బావ రావడానికి అరగంట పడుతుంది. బుజ్జి కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"నన్ను చూడనియ్యి నాన్నా."

"అల్లుడు వస్తున్నాడు కదరా."

"వచ్చేలోగా చూస్తే అరిగిపోదుగా."

లిఫ్టు పనిలో బుజ్జి మొదట నేర్చుకున్నది ఇదే: మీటరు ఏదో చెబితే, తప్పు మీటరుదా మిషన్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. ఫోన్లో గడియారం పెట్టి, నాన్న చేత ఓ పెద్ద వృత్తం, దానికి మరలు గీయించాడు. యాభై రెండు సెకన్లు పట్టింది. ఇంతకుముందు రెండు సెకన్లలో వచ్చేదని నాన్నే అన్నారు.

"అయితే అంకె తప్పు కాదు. నిజంగానే మెల్లగా నడుస్తోంది. ఆ 2.60 అనేది లిఫ్టులో కొట్టిన రేకు లాంటిది నాన్నా. కంపెనీ రాసింది అలా ఉండిపోతుంది, లిఫ్టు ఆగిపోయినా మారదు." బుజ్జి గొంతులో కొంచెం గర్వం తొణికింది.

నాన్న తల ఊపారు. "బాగా చెప్పావు. అల్లుడొచ్చాక వాడికీ ఇదే చెబుదాం."

బుజ్జికి ఎవరో నెత్తి మీద మొట్టినట్టయింది.

బావ, అక్క వచ్చేశారు. బావ చెప్పులు విప్పుతుండగానే "మావయ్యా, ఎన్ని బొమ్మలు మిగిలాయి?" అన్నాడు. నాన్న ముఖం వెలిగిపోయింది. బుజ్జి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. టీ తాగడం అయ్యేలోగా నాన్న తొమ్మిదిసార్లు "అల్లుడూ" అన్నారు. "బుజ్జీ" అన్నది ఒక్కసారి. అదీ ఫ్యాను వేయమనడానికి.

"మొన్న దుమ్ము దులిపాను, పవర్ సెట్టింగులు మార్చాను, బోర్డు సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాను." బావ స్క్రీను చూస్తూ గొణిగాడు. "ఏం లేదు మావయ్యా. ఇది చూపించడంలో తప్పు. అంకె తప్పు చూపిస్తోంది, అంతే. నేను సరిచేస్తాను."

బుజ్జి ఉలిక్కిపడ్డాడు. "తప్పెలా అవుతుంది బావా? నేను టైం పెట్టి చూశాను. యాభై రెండు సెకన్లు!"

బావ అతనివైపు ఓసారి చూసి చూపు తిప్పుకున్నాడు. "అలా కూడా అవుతుందిలే బామ్మర్దీ."

"అల్లుడికి తెలియదా బుజ్జీ? నువ్వుండు," అన్నారు నాన్న.

బుజ్జి గడపలోకి వెళ్ళి నుంచున్నాడు. వాళ్ళిద్దరూ లాప్‌టాప్ మీదకి తలలు వంచి కూర్చున్న తీరు చూస్తుంటే, ఒకప్పుడు అలా తనూ నాన్నా రేడియో ముందు కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఈ మనిషి అబద్ధం ఎందుకు చెబుతున్నాడు?

కాసేపటికి నాన్న కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. గడపలో నుంచున్న బుజ్జి కళ్ళముందే బావ చటుక్కున లాప్‌టాప్ చార్జరు పీకి, చుట్టచుట్టి తన సంచిలో కుక్కేశాడు. అదే సంచిలోంచి ఇంకో చార్జరు తీశాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఏం చేస్తున్నావ్ బావా?"

బావ అదిరిపడ్డాడు. "ఏం లేదు... వైరు కొంచెం..."

"వైరా? మా నాన్న చార్జరు నీ సంచిలో ఎందుకుంది?" బుజ్జి గొంతు ఇల్లంతా వినపడింది. వంటింట్లోంచి అక్క, భార్య పరిగెత్తుకొచ్చారు. నాన్న కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఇప్పుడర్థమైంది. పాడుచేసేదీ నువ్వే, బాగుచేసేదీ నువ్వే! లేకపోతే వారం వారం ఇక్కడ నీకేం పని? అంకె తప్పట! ఇంత వయసు మనిషిని పట్టుకుని ఆడిస్తున్నావా?"

"బుజ్జీ!" అక్క అరిచింది.

"నువ్వాగక్కా. ఈ ఇంట్లో కొడుకునన్న సంగతి అందరూ మర్చిపోయారు. కుర్చీ ఆయనది, టీ ఆయనకి, మాటలు ఆయనతో. నేనెందుకు? ఫ్యాను వేయడానికా?"

బావ తల దించుకున్నాడు. "పొరపాటు నాదే మావయ్యా. క్షమించండి," అన్నాడు మెల్లగా.

"మీ పొరపాటేంటి?" అక్క కళ్ళు ఎర్రబడ్డాయి. "చెప్పరేం? మీరు చెప్పకపోతే నేను చెబుతా. ఒరే బుజ్జీ, ఆ చార్జరు కొన్నదెవరు?"

బుజ్జి తెల్లబోయాడు. రెండు నెలల కిందట కుర్చీ కాలు కింద పడి పాత చార్జరు వైరు తెగింది. పని నుంచి వస్తూ దార్లో కనిపించిన దుకాణంలో, పిన్ను సరిపోతే చాలని ఒకటి పట్టుకొచ్చాడు.

"నేనే."

"ఆ చార్జరు ఏ కంపెనీదో లాప్‌టాప్‌కి తెలియట్లేదట. తెలియకపోతే అది భయపడి ప్రాసెసర్‌ని అట్టడుగు వేగంలో కట్టేస్తుందట. బ్యాటరీ కూడా ఎక్కనివ్వదట. అసలు కంపెనీది తెప్పించి, చప్పుడు చేయకుండా మార్చేసి, అంకె తప్పని చెబుదామనుకున్నారు ఈయన. ఎందుకో తెలుసా? 'బుజ్జి తెచ్చింది, మావయ్య ముందు చిన్నబుచ్చుకుంటాడు' అని. నీ పరువు కాపాడబోయి దొంగయ్యారు!"

ఏదో ఒకటి అనాలి కాబట్టి బుజ్జి అన్నాడు: "అలాంటిదేదైనా ఉంటే స్క్రీను మీద చెప్పాలిగా?"

"చెబుతుంది," అన్నారు నాన్న. ఆయన గొంతులో కోపం లేదు. "ఆన్ చేయగానే నల్లగా వచ్చి ఇంగ్లీషులో ఏదో రాస్తుంది. నిన్ను అడిగానుగా."

"నన్నా? ఎప్పుడు?"

నాన్న నోటుబుక్కు తెచ్చి పేజీ తిప్పి అతని చేతిలో పెట్టారు. సన్నటి గుండ్రటి అక్షరాలు. తారీఖు, వేగం, దాని పక్కన చిన్న మాటలు. *ఆరో తారీఖు, 0.39. బుజ్జిని అడిగాను. ఎంటర్ కొట్టెయ్ అన్నాడు. డ్యూటీకి టైమయింది. తొమ్మిదో తారీఖు, 0.39. బుజ్జిని అడిగాను. అలిసిపోయి వచ్చాడు. పద్నాలుగు, 0.39. బుజ్జి ఫోన్లో ఉన్నాడు. అడగలేదు. పదిహేను. అల్లుడికి ఫోన్ చేశాను.*

అందులో ఫిర్యాదు లేదు. లేత్ మీద కొలత తీసుకుని రాసినట్టే రాశారు. బుజ్జికి అక్షరాలు అలుక్కుపోయాయి. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఛ, ఊరుకోరా," అన్నారు నాన్న కంగారుగా. "లిఫ్టుల్లో జనం ఇరుక్కుంటారు, నా బొమ్మలు ఎక్కడికి పోతాయని... నిన్ను విసిగించడం ఎందుకని."

బుజ్జి ముఖం తుడుచుకుని బావ దగ్గరికి వెళ్ళాడు. "బావా, నోటికొచ్చినట్టు మాట్లాడాను. నిన్ను చూస్తే కన్నుకుట్టింది. అంతే. ఇంకేం కారణం లేదు."

బావ తల అడ్డంగా ఊపాడు. సంచి జిప్పుతో ఆడుకుంటూ అన్నాడు: "నువ్వన్నదాంట్లో సగం నిజమే బామ్మర్దీ. ఈ చార్జరు నిన్న రాలేదు. వచ్చి రెండు వారాలైంది. దుకాణంలో బల్ల కింద పెట్టాను."

"ఏమిటీ?" అంది అక్క. "నాతో నిన్ననే వచ్చిందన్నారు!"

"మార్చేస్తే ఇంక ఆదివారాలు మావయ్య ఎందుకు పిలుస్తారు? మా నాన్న పోయినప్పుడు నాకు ఐదేళ్ళు. ఇలా ఒకరు నాకోసం కుర్చీ తుడిచి పెట్టడం... మీ ఇద్దరూ తండ్రీకొడుకులు పోట్లాడుకున్నా నాకు అసూయగానే ఉంటుంది. ఇంకో వారం, ఇంకో వారం అనుకున్నాను. తప్పే."

నాన్న మొదట అల్లుణ్ణి, తర్వాత కొడుకుని ఎగాదిగా చూశారు. ఉన్నట్టుండి ఆయన ముఖం పాత మాస్టారి ముఖమైపోయింది.

"అంటే ఒకడి అజాగ్రత్త, ఒకడి అతి ప్రేమ. మధ్యలో నా పుస్తకం రెండు నెలలు నాశనం! పంతొమ్మిది బొమ్మలు మిగిలాయి. ఇద్దరూ కూర్చోండి ఇక్కడ!"

అక్క పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.

బావ కొత్త చార్జరు పెట్టి, మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఈసారి నల్ల స్క్రీను రాలేదు. అంకె 2.60 దాటి 2.91కి ఎక్కింది. నాన్న పొంగిపోయేలోగా జర్రున 0.80కి జారింది.

"మళ్ళీ పోయింది!"

"పోలేదు మావయ్యా. పని లేనప్పుడు అదే తగ్గించుకుంటుంది. వృత్తం గీయండి."

నాన్న గీశారు. రెండు సెకన్లు. అంకె మళ్ళీ పైకి లేచింది.

ఆ మధ్యాహ్నం బుజ్జి కొలతలు చదివాడు, బావ గీతలు సరిచూశాడు, నాన్న ఇద్దర్నీ తిట్టారు. ఏడో బొమ్మ దగ్గర బుజ్జి ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

"ఓ లిఫ్టుకి నూనె వేసి చూసి రావాలోయ్. ఎవరూ ఇరుక్కోలేదులే, ఊరికే చెకింగు."

"ఇవాళ రాను సార్. రేపు చూస్తాను."

"ఏం, అంత అర్జెంటు పనేమిటి?"

బుజ్జి నాన్న వైపు చూశాడు. ఆయన స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండానే "బుజ్జీ, ఆ మరమేకు కొలత ఎంతన్నావ్?" అని అడుగుతున్నారు.

"మా నాన్న పిలుస్తున్నారు సార్," అన్నాడు బుజ్జి. ఫోన్ పెట్టేసి, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.