నర్సమ్మ అడిగిన సాయం

జూలై పదమూడు, ఆదివారం సాయంత్రం. రిటైరైన మాస్టారి గుమ్మం ముందు మెట్ల మీద నర్సమ్మా, ఫ్యాన్ మెకానికూ బ్రెడ్డూ, ఉడికించిన గుడ్లూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. మెకానిక్‌కి ఆ తిండి ఇప్పటికీ గుర్తే. ఆ రోజు అతను ఒలిచిన గుడ్డు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు మరి.

ఎనిమిది నెలలుగా ఆదివారాలు ఇదే వరస. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్తారు. నర్సమ్మ బీపీ చూస్తుంది, అతను ఫ్యాన్లూ స్విచ్చులూ బాగుచేస్తాడు. ఫొటోల్లేవు, బోర్డుల్లేవు. మూడో మనిషికి చెప్పకూడదని ఆమె ఒట్టు వేయించుకుంది.

ఈసారి ఆమె దగ్గర పెళ్ళి మాట ఎత్తాలని గడ్డం నున్నగా గీసుకుని మరీ వచ్చాడు. తినడానికి ముందు, మాస్టారింట్లో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు బిగిస్తుంటే కింద ఆమె గొంతు వినిపించింది.

"మాస్టారూ, నాకో సాయం చేసిపెట్టరూ? పేషెంట్లకి మందుల చీటీలు పెద్దక్షరాలతో రాయాలి. నా రాత కోడిగీతలు!"

ఆర్నెల్లుగా కుర్చీ వదలని మాస్టారు కళ్ళజోడు వెతుక్కుంటూ లేచారు.

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆమె రాత ముత్యాల కోవ! అమ్మ పోయాక తను షాపు మూసుకుని కూర్చున్నప్పుడు వచ్చి, "నాకో సాయం చేసిపెట్టవూ? ఫ్యాన్ల సంగతి నాకు ఓనమాలు రావు" అన్నదీ ఈ గొంతుతోనే.

ఇన్నాళ్ళూ ఇది ప్రేమనుకున్నాడు. కొంపదీసి, వైద్యమా?

"ఏంటలా బిగుసుకుపోయావ్? గుడ్డు బాలేదా?" అంది నర్సమ్మ, పని ముగించి మెట్ల మీద కూర్చున్నాక.

"గుడ్డు బానే ఉంది. నేనే బాలేను. నిజం చెప్పు, నేను నీకు పేషెంట్‌నా?"

ఆమె గుడ్డు పెంకులు కాగితంలో చుట్టింది. "మొదట్లో... అవును."

"ఇప్పుడు?"

"మొన్న నువ్వు జ్వరంతో రాని రోజు మనం వెళ్ళే ఆ బామ్మగారి ఫ్యాను ఎవరు బాగుచేశారనుకున్నావ్? నేనే. కండెన్సరు మార్చడం మూడో నెలకే వచ్చేసింది నాకు."

"మరింకా నన్నెందుకు పిలుస్తున్నావ్?" అతని బుర్ర రెగ్యులేటరు లేని ఫ్యానులా తిరిగింది.

"నాకు వారానికి ఒక్కటే సెలవు. అది ఎవరితో గడుపుతున్నాను?"

అతను బాగా ఆలోచించాడు. "ముసలాళ్ళతో?"

"నీతో, మట్టిబుర్రా!"

అర్థం కావడానికి అతనికి అర నిమిషం పట్టింది. "అయితే... మీ నాన్నగారి దగ్గరికి మా అక్కని పంపనా?"

"అక్కెందుకు? నోరు లేదా? నువ్వే వచ్చి అడుగు. పెళ్ళయినా ఆదివారాలు మాత్రం ఇవే."

"మరి సినిమాలు?"

"శనివారం సెకండ్ షో."

మెట్ల లైటు వేద్దామని వచ్చిన మాస్టారు స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఆగారు. దగ్గరగా ఉన్న రెండు తలలనీ చూసి, లైటు వేయకుండానే వెనక్కి తగ్గి, తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నారు.